సంశయ లాభం: మైకేల్ సామ్‌కు నిజంగా అవకాశం దక్కిందా?

అందరికీ నమస్కారం. అధ్యక్షుల వారు నన్ను పరిచయం చేస్తూ ఆటలంటే మక్కువ ఉన్న న్యాయవాది అన్నారు. మక్కువ నిజమే గానీ, ఈ రోజు చెప్పబోయే ఆట నాకు యాభై ఏళ్లు దాటాక గానీ అర్థం కాలేదు. అది అమెరికన్ ఫుట్‌బాల్. పేరులో కాలు ఉంది, ఆట మాత్రం దాదాపు అంతా చేతులతోనే. మీలో చాలామంది పిల్లలు అక్కడే ఉన్నారు కదా, ఆదివారం ఫోను చేస్తే "మ్యాచ్ అయ్యాక మాట్లాడతాను నాన్నా" అని పెట్టేస్తారే, ఆ మ్యాచ్ ఇదే.

మా అబ్బాయి మిస్సోరీ విశ్వవిద్యాలయంలో ఎం.ఎస్. చదువుతున్న రోజుల్లో, అంటే 2013లో, అక్కడి కాలేజీ జట్టులో మైకేల్ సామ్ అనే కుర్రాడు ఆడేవాడు. టెక్సాస్‌లోని హిచ్‌కాక్ అనే చిన్న ఊళ్లో పెరిగాడు. ఎనిమిది మంది సంతానంలో ఏడోవాడు. తోబుట్టువుల్లో ముగ్గురు చనిపోయారు, ఇద్దరు అన్నలు జైలుకు వెళ్లారు. ఆ ఇంటి నుంచి కాలేజీ దాకా రావడమే పెద్ద సంగతి.

అతని స్థానాన్ని డిఫెన్సివ్ ఎండ్ అంటారు. కబడ్డీతో పోల్చి చెబుతాను. కూతకు వచ్చినవాణ్ని గీత చేరనివ్వకుండా పట్టి పడేస్తారు కదా. ఇక్కడ క్వార్టర్‌బ్యాక్ అనేవాడు బంతి పట్టుకుని ఎవరికి విసరాలా అని చూస్తుంటాడు. అతని ముందు ఒక్కొక్కరు నూట నలభై కిలోలుండే కాపలాదారులు నిలబడతారు. వాళ్లను పక్క నుంచి తప్పించుకుని వెళ్లి, బంతి చేయి దాటేలోపు అతణ్ని నేల కరిపించాలి. దాన్ని శాక్ అంటారు. 14 మ్యాచ్‌ల ఆ సీజన్‌లో సామ్ 11.5 శాక్‌లు చేశాడు. ఆ సగం ఎక్కడిదంటారా, ఇద్దరు కలిసి పడేస్తే చెరి సగం రాస్తారు. కాలేజీ ఫుట్‌బాల్‌లో అన్నిటికంటే కఠినమైనదని చెప్పుకునే జట్ల కూటమి సౌత్‌ఈస్టర్న్ కాన్ఫరెన్స్‌లో ఆ ఏడాది డిఫెన్స్‌లో ఉత్తమ ఆటగాడి గౌరవం ఇద్దరికి దక్కింది. ఒకరు అలబామా ఆటగాడు సి.జె. మోస్లీ, రెండోవాడు సామ్. అంతకు ముందు ఏడాది 5 గెలిచి 7 ఓడిన మిస్సోరీ, ఆ ఏడాది 12 గెలిచి రెండే ఓడింది.

ఈ అంకెలు గుర్తుంచుకోండి, వాటితో నాకు తర్వాత పని ఉంది.

2013 ఆగస్టులో, సీజన్ మొదలుకాక ముందే, జట్టంతా కూర్చుని ఒకరినొకరు పరిచయం చేసుకుంటున్నప్పుడు తాను గే అని సామ్ సహచరులకు చెప్పాడు. వందకు పైగా ఆటగాళ్లున్న జట్టు. ఆ మాట సీజన్ అయ్యేదాకా పత్రికల్లోకి రాలేదు. మా వీధిలో పెళ్లిచూపుల సంగతి సాయంత్రం దాకా ఆగదు.

ఇక్కడ మాట గురించి ఒక మాట. మన పత్రికలు "స్వలింగ సంపర్కుడు" అని రాస్తాయి. ఆ పదం వింటే నాకు ఛార్జిషీటు చదువుతున్నట్టుంటుంది. ఎవరినైనా పెళ్లయినవాడు అంటాం గానీ అతని పడకగది పేరుతో పిలవం కదా. నేను గే అనే అంటాను, ఆ కుర్రాడు తనను తాను అలాగే చెప్పుకున్నాడు.

2014 ఫిబ్రవరి 9, ఆదివారం. సామ్ ఒక టీవీ ఛానెల్‌కు, న్యూయార్క్ టైమ్స్‌కు ఆ విషయం బహిరంగంగా చెప్పాడు. ప్రొఫెషనల్ లీగ్‌లోకి, అంటే ఎన్.ఎఫ్.ఎల్.లోకి కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌కు ఇంకా మూడు నెలల వ్యవధి ఉంది. ఆ డ్రాఫ్ట్ అభ్యర్థులకు సీబీఎస్ స్పోర్ట్స్ వారు ర్యాంకులు ఇచ్చేవారు. శనివారం నాటికి సామ్ 90వ స్థానంలో ఉన్నాడు. మాట బయటికి వచ్చిన కొన్ని గంటల్లో 160కి జారాడు. ఆ కొన్ని గంటల్లో అతను ఒక్క మ్యాచ్ ఆడలేదు, ఒక్క అడుగు పరుగెత్తలేదు, గాయపడలేదు. నా వృత్తి జీవితంలో ఇంత శుభ్రమైన సాక్ష్యం చాలా అరుదుగా చూశాను. సాక్షి బోనులోకి వచ్చి తానే తేదీ, సమయం చెప్పినట్టు ఉంటుంది.

అదే రోజుల్లో జట్ల అధికారులు కొందరు పేరు బయటపెట్టవద్దనే షరతు మీద ఒక క్రీడా పత్రికతో మాట్లాడి, ఇతని విలువ పడిపోతుందన్నారు. డ్రెస్సింగ్ రూమ్ సమతుల్యం చెడుతుందన్నది ఒకరి బాధ. పేరు చెప్పుకోలేని సాక్షులు ఎదుటివాడి ధైర్యం గురించి అభిప్రాయాలు ఇవ్వడం నాకు వింతగా తోచింది. సమతుల్యం చెడుతుందన్నారు కదా, ఇప్పుడు ఆ 12-2 తీయండి. సంగతి తెలిసిన జట్టు, దాన్ని కడుపులో దాచుకుని, అయిదు విజయాల నుంచి పన్నెండుకు వెళ్లింది. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. ఇంట గెలిచాడు. రచ్చ దగ్గరే తలుపు సగం తెరిచారు.

ఆ వారంలోనే మా అబ్బాయి ఫోను చేశాడు. ఫిబ్రవరి 15న కొలంబియా నగరంలో, విశ్వవిద్యాలయం దగ్గర, వెస్ట్‌బోరో బాప్టిస్ట్ చర్చ్ వాళ్లు ద్వేషం రాసిన అట్టలు పట్టుకుని సామ్‌కు వ్యతిరేకంగా నిలబడ్డారు. వాళ్లకు ఎదురుగా విద్యార్థులు చేతులు పట్టుకుని అర మైలు పొడవున వరుస కట్టారు. "నాన్నా, ఈ రోజు గోడ కట్టాం" అన్నాడు. ఇంజనీరింగ్ చదివినవాడు కదా, ఏ గోడరా అని అడిగాను. (నవ్వులు) అప్పటిదాకా సామ్ పేరు నేను వినలేదు. ఆ ఫోను తర్వాత నుంచి ఈ కేసు కాగితాలు చదవడం మొదలుపెట్టాను. ఇంకా మూయలేదు.

సరే, ఇప్పుడు ఎదుటి పక్షం వాదన చెబుతాను. అది బలహీనమైన వాదన కాదు, కాబట్టి దాన్ని పూర్తిగా వినాలి.

ఫిబ్రవరిలో ఇండియానాపోలిస్‌లో లీగ్ వారు అభ్యర్థులకు శారీరక పరీక్షలు పెడతారు. కంబైన్ అంటారు. అక్కడ 40 గజాల పరుగు సామ్ 4.91 సెకన్లలో పూర్తి చేశాడు. ఆ స్థానానికి అది నెమ్మది. సుమారు 102 కిలోల బరువును 17 సార్లు ఎత్తాడు, అది తక్కువ. నిలబడి పైకి ఎగిరితే 25.5 అంగుళాలు, అదీ తక్కువే. ఎత్తు ఆరడుగుల రెండంగుళాలు, మన లెక్కలో తాటిచెట్టు, వాళ్ల లెక్కలో ఆ స్థానానికి పొట్టి. ఎండ్‌గా ఆడడానికి చిన్నవాడు, వెనక వరుసలో లైన్‌బ్యాకర్‌గా ఆడడానికి మందకొడి. రెంటికీ చెడ్డ రేవడి అని మనం అనేది అచ్చంగా ఇలాంటివాణ్నే. ఇంకొకటి, ఆ 11.5 శాక్‌లలో తొమ్మిది కేవలం మూడు మ్యాచ్‌ల్లో వచ్చాయి. ఆర్కన్సా స్టేట్, వాండర్‌బిల్ట్, ఫ్లోరిడా జట్ల మీద మూడేసి. మిగిలిన పదకొండు మ్యాచ్‌ల్లో రెండున్నర. జనవరిలో సీనియర్ బౌల్ అనే ప్రదర్శన మ్యాచ్‌కు ముందు సాధనల్లో అతణ్ని లైన్‌బ్యాకర్‌గా ప్రయత్నిస్తే కుదరలేదు. ఈ లోపాలన్నీ గే అని చెప్పకముందూ ఉన్నాయి, చెప్పాక కూడా ఉన్నాయి.

కాబట్టి సామ్ మొదటి రౌండులో పోవలసినవాడు, అన్యాయంగా ఏడో రౌండుకు తోశారు అని వాదించేవారితో నేను ఏకీభవించను. అలా వాదిస్తే కేసు ఓడిపోతాం.

డ్రాఫ్ట్ అంటే మన ఐపీఎల్ వేలం కాదు, డబ్బు పాట ఉండదు. 32 జట్లు వంతుల వారీగా, కిందటేడు అడుగున ఉన్న జట్టు ముందుగా, ఏడు రౌండ్లు ఎంచుకుంటాయి. 2014లో మొత్తం 256 మందిని తీసుకున్నారు. గౌరవం పంచుకున్న మోస్లీ 17వ వాడిగా వెళ్లాడు. సామ్ సొంత జట్టులో అవతలి కొస ఆడిన కోనీ ఈలీ, సామ్ కంటే శాక్‌లు తక్కువ, శరీరం పెద్దది, 60వ వాడిగా వెళ్లాడు. ఈలీ ఎంపిక తప్పని కూడా అనలేను, రెండేళ్ల తర్వాత సూపర్ బౌల్‌లో, అంటే లీగ్ ఫైనల్లో, మూడు శాక్‌లు చేశాడు. సామ్ మే 10వ తేదీన, మూడో రోజు సాయంత్రం, 249వ వాడు. సెయింట్ లూయిస్ రామ్స్ తీసుకుంది. ఫోను రాగానే అతను వెక్కి వెక్కి ఏడ్చాడు, పక్కనున్న ప్రియుణ్ని ముద్దు పెట్టుకున్నాడు. టీవీలో అది ప్రత్యక్షంగా వచ్చింది, దేశమంతా ఒక వారం దాని మీదే కొట్టుకుంది. అంతకు ముందు ఇరవై ఏళ్లుగా ఆ డ్రాఫ్ట్ రోజుల్లో ఆటగాళ్లు భార్యలనూ ప్రియురాళ్లనూ ముద్దాడితే ఎవరూ చర్చ పెట్టలేదు.

రామ్స్‌లో ఏం జరిగింది? ఈ భాగంలో నాకు పెద్దగా అనుమానం లేదు. ఆ జట్టుకు ఆ స్థానంలో రాబర్ట్ క్విన్ ఉన్నాడు, అంతకు ముందు ఏడాదే 19 శాక్‌లు చేసినవాడు. క్రిస్ లాంగ్ ఉన్నాడు, విలియం హేస్, యూజీన్ సిమ్స్ ఉన్నారు. ఖాళీ ఒకటి, మహా అయితే. ఆ ఒక్క చోటు కోసం సామ్‌తో పాటు ఈతన్ వెస్ట్‌బ్రుక్స్ పోటీ పడ్డాడు, డ్రాఫ్ట్‌లో అసలు ఎవరూ ఎంచుకోని కుర్రాడు. నాలుగు సన్నాహక మ్యాచ్‌ల్లో సామ్ 11 టాకిల్స్, అంటే బంతి ఉన్నవాణ్ని పట్టి పడేయడాలు, మూడు శాక్‌లు చేశాడు. క్లీవ్‌లాండ్ మీద వాళ్ల క్వార్టర్‌బ్యాక్ జానీ మాంజియెల్‌ను పడగొట్టి, మాంజియెల్ సొంత సంజ్ఞ, వేళ్లతో నోట్లు రాలుస్తున్నట్టు చేసేది, అతని ముందే చేసి చూపించాడు. మా అబ్బాయి ఆ దృశ్యం ఎన్నిసార్లు పంపాడో లెక్కలేదు. అయినా ఆగస్టు 30న రామ్స్ అతణ్ని తప్పించి వెస్ట్‌బ్రుక్స్‌ను ఉంచుకుంది. వెస్ట్‌బ్రుక్స్ ఆ తర్వాత ఏళ్ల తరబడి అక్కడ ఆడాడు, అంటే కోచ్ జెఫ్ ఫిషర్ అంచనా తప్పు కాలేదు. ఆట ఆధారంగానే నిర్ణయించామన్న ఆయన మాటను నేను నమ్ముతాను. మధ్యలో ఒక ఛానెల్ విలేకరి సామ్ సహచరులతో కలిసి స్నానం చేస్తున్నాడా లేదా అని వార్త చెప్పి, తర్వాత ఆ ఛానెల్ క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది. అది జట్టు తప్పు కాదు. ఆ సహచరులు ఆ ప్రశ్నను చిరాకుగా తోసిపుచ్చారు కూడా.

నా అనుమానం ఆగస్టు 30 తర్వాతి నుంచి మొదలవుతుంది.

ఒక జట్టు వదిలేసిన ఆటగాణ్ని ఇరవై నాలుగు గంటల్లో మిగిలిన 31 జట్లలో ఎవరైనా తీసుకోవచ్చు. ఎవరూ తీసుకోలేదు. సరే, ఏడో రౌండు వాళ్లకు అది మామూలే. తర్వాత ప్రాక్టీసు బృందం ఉంటుంది. అసలు జట్టు 53 మంది కాక, రోజూ సాధన చేయడానికి, ఎవరికైనా గాయమైతే పనికొస్తారని మరి కొందరిని ఉంచుకుంటారు. ఆ ఏడాది ఒక్కో జట్టుకు పదిమంది. 32 పదులు 320. ఆ స్థానాలు ఉన్నదే ఇలాంటివాళ్ల కోసం. పొట్టి, కానీ చురుకు. నెమ్మది, కానీ బంతి వాసన తెలుసు. ఇంకో ఏడాది కండ పెంచితే ఏమవుతాడో చూద్దాం. సన్నాహక మ్యాచ్‌ల్లో మూడు శాక్‌లు చేసినవాడికి, కాన్ఫరెన్స్ ఉత్తమ ఆటగాడికి, 320లో ఒక స్థానం మొదటి రోజున దొరకలేదు. అతణ్ని దగ్గర నుంచి చూసిన రామ్స్ కూడా తన పదిమందిలో చేర్చుకోలేదు.

మా వృత్తిలో సంశయ లాభం అని ఒకటి ఉంది. నేరం పూర్తిగా రుజువు కాకపోతే ముద్దాయిని వదిలేస్తాం. క్రికెట్‌లోనూ అనుమానం ఉంటే బ్యాట్స్‌మన్ పక్షం అనేవారు. ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ జట్టులో అడుగున ఉండే చివరి పదిహేను ఇరవై మంది బతికేది ఆ సంశయ లాభం మీదే. మొదటి రౌండు ఆటగాడికి దానితో పని లేదు, అతని ప్రతిభే వాదిస్తుంది. అంచు మీద ఉన్నవాడి గురించి మాత్రం కోచ్ "ఏమో, చూద్దాం" అనాలి. సామ్ విషయంలో "ఏమో" అన్నవాళ్లు "ఏమో, ఎందుకొచ్చిన గొడవ" అని వాక్యం ముగించారు. అవకాశం అంటే పరీక్ష రాయనివ్వడమే అనుకుంటే అతనికి దక్కింది. అవకాశం అంటే అత్తెసరు మార్కులు వచ్చినప్పుడు మిగతావాళ్లకు చూపే ఓపిక అతనికీ చూపడం అనుకుంటే, దక్కలేదు. నా తీర్పు ఇదే, పై కోర్టుకు వెళ్లదలిచినవాళ్లు వెళ్లవచ్చు.

నాలుగు రోజుల తర్వాత, సెప్టెంబరు 3న, డల్లాస్ కౌబాయ్స్ ప్రాక్టీసు బృందంలోకి తీసుకుంది. 2013లో లీగ్ మొత్తంలో ఎదుటి జట్లను అందరికంటే ఎక్కువ గజాలు ముందుకు రానిచ్చిన డిఫెన్స్ ఆ జట్టుదే. ఏడు వారాలు సాధన చేయించి, ఒక్క మ్యాచ్ ఆడించకుండా, అక్టోబరు 21న పంపేసింది.

అందరూ చెప్పిన కారణం ఒకటే, "దృష్టి మళ్లుతుంది." కెమెరాలు వస్తాయి, ప్రశ్నలు వస్తాయి, జట్టు ఆట మీద మనసు పెట్టలేదు. సూపర్ బౌల్ గెలిచిన కోచ్ టోనీ డంగీ కూడా తానైతే ఈ తలనొప్పి పెట్టుకునేవాణ్ని కాదన్నారు. మరి అదే డల్లాస్, 2015 మార్చిలో, అదే డిఫెన్సివ్ ఎండ్ స్థానానికి గ్రెగ్ హార్డీని తీసుకుంది. ప్రియురాలిపై దాడి కేసులో 2014 జులైలో న్యాయమూర్తి అతణ్ని దోషిగా తేల్చారు. అప్పీలు దశలో ఫిర్యాది రాకపోవడంతో కేసు కొట్టేశారు. అతని కోసం కెమెరాలు రాలేదా? వచ్చాయి, మందగా వచ్చాయి. హార్డీ చాలా గొప్ప ఆటగాడు, 2013లో 15 శాక్‌లు, సామ్‌తో పోలికే లేదు, ఒప్పుకుంటాను. కానీ అప్పుడు తేలిందేమిటి? దృష్టి మళ్లడం అనేది జట్లు భరించలేనిది కాదు, ధర కట్టి భరించేది. ఆ ధర సామ్ దగ్గర ఎక్కువ వేశారు. పైగా అతని పేరుతో డబ్బు కూడా వచ్చింది, డ్రాఫ్ట్ తర్వాత కొత్తవాళ్ల జెర్సీల అమ్మకాల్లో మాంజియెల్ తర్వాతి స్థానం అతనిదే.

కోర్టుకు వెళ్లవచ్చు కదా అని మీలో న్యాయవాదులు అనుకుంటూ ఉంటారు. వెళ్లినా నిలబడదు. గే అయినందుకు ఉద్యోగం నుంచి తీసేయడం సమాఖ్య చట్టానికి విరుద్ధమని అమెరికా సుప్రీం కోర్టు చెప్పింది 2020 జూన్ 15న, బోస్టాక్ కేసులో. ఆరేళ్లు ఆలస్యం. పైగా 31 జట్లు విడివిడిగా మౌనంగా ఉంటే ఎవరిని ముద్దాయిగా చేర్చాలి? మౌనానికి సంతకం ఉండదు.

తర్వాత మాంట్రియల్. కెనడా లీగ్‌లో 2015 ఆగస్టు 7న ఒక్క మ్యాచ్ ఆడాడు. వారం తిరిగేసరికి మానసిక ఆరోగ్యం బాగా లేదని తప్పుకున్నాడు. తాను చెప్పకపోయి ఉంటే ఇంకా ఎన్.ఎఫ్.ఎల్.లో ఉండేవాణ్నని ఆ తర్వాత ఇంటర్వ్యూల్లో అన్నాడు. ఈ ఘట్టం గురించి ఇంతకంటే తవ్వను.

2021 జూన్‌లో కార్ల్ నాసిబ్ అనే డిఫెన్సివ్ ఎండ్ తాను గే అని చెప్పాడు. ఆరడుగుల ఏడంగుళాలు, 2016లో మూడో రౌండు ఎంపిక, అప్పటికే అయిదు సీజన్లు ఆడినవాడు, లాస్ వేగాస్ రైడర్స్‌తో మంచి ఒప్పందంలో ఉన్నాడు. సెప్టెంబరులో బాల్టిమోర్ మీద అదనపు సమయంలో క్వార్టర్‌బ్యాక్ చేతి నుంచి బంతి రాలగొట్టి జట్టుకు గెలుపు దారి చూపించాడు. ఆ ఏడాది దృష్టి మళ్లిందని ఎవరూ అనలేదు. నాసిబ్ సంశయ లాభం ముందే సంపాదించుకుని, బ్యాంకులో వేసుకుని, అప్పుడు మాట్లాడాడు. సామ్ ఖాతా తెరవకముందే మాట్లాడాడు.

మనకు దగ్గరి ఉదాహరణ ద్యుతీ చంద్. ఒడిశా అమ్మాయి, హైదరాబాద్‌లో నాగపురి రమేశ్ గారి దగ్గర శిక్షణ పొందింది. 2018 ఆసియా క్రీడల్లో రెండు రజతాలు గెలిచాక, 2019 మేలో తాను ఒక అమ్మాయిని ప్రేమిస్తున్నానని చెప్పింది. ఇంట్లో పడిన కష్టాలు వేరే కథ. కానీ ట్రాక్ మీద స్టాప్‌వాచ్ ఉంది. వంద మీటర్లు ఎంతలో పరుగెత్తావన్నది గడియారం చెబుతుంది, దానికి "ఎందుకొచ్చిన గొడవ" అనడం రాదు. జట్టు ఆటల్లో గడియారం చెప్పేది కొంతే, మిగిలినది కోచ్ కన్ను చెబుతుంది.

ఎవరో చీటీ పంపారు. చదువుతాను. "డ్రాఫ్ట్ అయ్యేదాకా మూడు నెలలు నోరు మూసుకుని ఉంటే సరిపోయేది కదా, తొందరెందుకు?" మంచి ప్రశ్న, నేనూ మా అబ్బాయిని అదే అడిగాను.

జనవరిలో మోబిల్ నగరంలో సీనియర్ బౌల్ జరిగినప్పుడే జట్ల స్కౌట్లు, అంటే కొత్త ఆటగాళ్లను పరిశీలించేవాళ్లు, సామ్ ఏజెంట్ దగ్గరకు వచ్చి, ఇతనికి అమ్మాయి స్నేహితురాలు ఉందా, ఎప్పుడైనా చూశావా అని ఆరా తీశారు. అంతకు ముందు ఏడాది కొలరాడో ఆటగాడు నిక్ కాసాను కూడా కంబైన్‌లో "నీకు అమ్మాయిలంటే ఇష్టమేనా" అని అడిగారని అతనే చెప్పాడు. విలేకరులకూ తెలుసు, స్కౌట్లకూ తెలుసు. వంద మంది సహచరులు దాచిన మాట, ఉద్యోగం ఇవ్వవలసినవాళ్ల గుసగుసల్లో అప్పటికే తిరుగుతోంది. మూడు నెలలు ఆగితే డ్రాఫ్ట్ బల్లల దగ్గర ఆ మాట ఉండనే ఉంటుంది, సామ్ గొంతు మాత్రం ఉండదు. ఫిబ్రవరి 9న అతను కెమెరా ముందు కూర్చున్నది అందుకే. ఆ తర్వాత కంబైన్‌లో విలేకరులు గుంపుగా వచ్చినప్పుడు, నన్ను గే ఫుట్‌బాల్ ఆటగాడిగా కాకుండా ఫుట్‌బాల్ ఆటగాడిగా చూడండి అని అడిగాడు. ఆ గదిలో అంతమంది ఎందుకు వచ్చారో అతనికీ తెలుసు, వాళ్లకూ తెలుసు. మర్నాడో, ఆ మర్నాడో 40 గజాలు పరుగెత్తాడు. 4.91.